పట్టిక మాట వినని నీళ్ళు

సెంటీమీటరు గారి నడుము పట్టేసి ఆ రోజుకి వారం.

రేవులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. జెట్టీ చివర నీళ్ళలోకి దింపిన పొడవాటి కొలబద్ద ఒకటుంది. రోజుకి మూడుసార్లు, ఏడింటికీ పదకొండింటికీ మూడింటికీ, దాని దగ్గరికి వెళ్ళి, అఖాతంలో నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చదివి, పుస్తకంలో రాసి, రేవు అధికారికి ఫోను చేసి చెప్పడం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. సముద్రానికి ఆదివారాలు లేవు కనుక ఆయనకీ లేవు. అలాంటి మనిషి, మంచం కిందికి దొర్లిపోయిన పెన్ను మూత కోసం వంగి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. డాక్టరు వచ్చి, పది రోజులు వెల్లకిలా పడుకోవాలనీ, తుమ్మినా ఆచితూచి తుమ్మాలనీ చెప్పి వెళ్ళాడు.

సెలవు పెడితే పై ఆఫీసు నుంచి బదులు మనిషి వస్తాడు. వచ్చినవాడు చేతులు కట్టుకుని కూర్చోడు, పాత పుస్తకాలు తిరగేస్తాడు. ఆయనకి నడుము కంటే ఈ ఊహే ఎక్కువ సలిపింది. అందుకని భార్యని పిలిచి, రోజుకి మూడుసార్లు జెట్టీ దాకా నడిచి వస్తే ఒంటికి కూడా మంచిదన్నట్టు చెప్పారు. ఆవిడ చూసి రావాలి, ఆయన పడుకునే రాసుకుంటారు, పడుకునే ఫోను చేస్తారు. మూడో కంటివాడికి తెలియనక్కర్లేదు.

ఆవిడకి అభ్యంతరం లేదు. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి. ఆ చదువు ఇన్నేళ్ళలో కుక్కరు కూతలు లెక్కపెట్టడానికి తప్ప దేనికీ పనికి రాలేదు.

మొదటిరోజు వెళ్ళి చూసి వచ్చి నూట ముప్ఫై ఏడు అంది. ఆయన దిండు పక్కనున్న పట్టిక అందుకున్నారు. ఏ రోజు ఏ గంటకి ఆటు, ఏ గంటకి పోటు, నీళ్ళు ఎంత మట్టాన ఉండాలి అన్నది చంద్రుడి కదలికలు చూసి ఏడాది ముందే అచ్చువేసి పంపే పుస్తకం అది. అందులో నూట ఇరవై అయిదు అని ఉంది.

"అల నెత్తిమీద చదివి ఉంటావు," అన్నారు ఆయన. నూట ఇరవై ఏడు అని రాశారు.

ఆ రెండూ ఎందుకు కలిపారని ఆవిడ అడిగింది.

"అచ్చం పట్టికలాగే ఉంటే అనుమానం రాదూ?"

ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిలో కొత్త విషయం తెలియడం మంచిదో కాదో ఆవిడకి అప్పటికప్పుడు తేలలేదు. కూరగాయలు తరుగుతూ ఆరా తీసింది. ఆయన పైకప్పుకేసి చూస్తూ చెప్పారు. పన్నెండేళ్ళ కిందట ఒక గాలివాన వారంలో ఉన్నది ఉన్నట్టు రాశారట. పట్టికకీ తమరి అంకెకీ పదిహేను సెంటీమీటర్లకి మించి తేడా ఎందుకొచ్చిందో మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇవ్వవలెనని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గాలి వల్ల అని ఈయన రాశారు. గాలి వల్లనే అని దేని ఆధారంగా నిర్ణయించితిరో తెలుపవలెనని ఇంకో కాగితం. అలా నాలుగు కాగితాలు తిరిగాక ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన నీటికి క్రమశిక్షణ నేర్పారు. పదిహేను దాటితే చెవి పట్టుకుని పదిహేను లోపలికి లాక్కొచ్చేవారు. కొన్నాళ్ళకి దాటకముందే లాగడం అలవాటైంది. ఇంకొన్నాళ్ళకి కొలబద్ద దగ్గర నిలబడినా కంటికి కనిపించేది పట్టికే.

"ఆ పుస్తకం ఎవరు చదివి చచ్చారే," అన్నారు చివరికి. అది నిజమేనని ఆవిడకీ అనిపించింది. మనింట్లో చాకలి పద్దు మాత్రం ఎవరు చదువుతున్నారు కనుక.

అయినా అల నెత్తిమీద చదివావన్న మాట ఆవిడకి గుచ్చుకుంది. రెండో రోజు నుంచి పది అలలు వచ్చి పోయేదాకా నిలబడి, ప్రతి అలా ఎక్కడిదాకా లేచిందో ఎక్కడిదాకా దిగిందో చూసి, రెండింటికీ నడుమ గీత పట్టుకునేది. ఇంటికొచ్చి ఆయనకి చెప్పేది. ఆయన తనకి నచ్చింది రాసుకునేవారు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కేలండరులో పాల పాకెట్లు రాసుకునే గడిలో, పెన్సిల్‌తో తను చదివిన అంకె వేసుకునేది. పక్కన పట్టిక అంకె, దాని పక్కన తేడా. ఎవరికీ చూపించాలని కాదు. ఒక మాట కాదన్నాక ఆడది దాన్ని ఎక్కడో ఒకచోట దాచుకోకుండా ఎలా ఉంటుంది?

తేడా పన్నెండు నుంచి ఇరవైకి ఎక్కింది. మర్నాడు ఇరవై ఏడు. ఆ తర్వాత ముప్ఫై అయిదు.

నాలుగో రోజున స్నానాల గది తూము మొరాయించింది. బకెట్టు నీళ్ళు పోస్తే పోయినవి పోయినట్టే గుడగుడమంటూ వెనక్కి వస్తున్నాయి. ఆవిడ మొదట తన జుట్టునీ, తర్వాత ఆయన గెడ్డం సబ్బునీ అనుమానించి, చీపురుపుల్లతో గంటసేపు కుస్తీ పట్టింది. మధ్యాహ్నానికి నీళ్ళు వాటంతటవే పోయాయి. సాయంత్రానికి మళ్ళీ వచ్చాయి. అప్పుడు తట్టింది, ఆ గొట్టం పోయి కలిసేది అఖాతంలోనే. అఖాతమే నిండుగా ఉంటే ఇంట్లో నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఆ సాయంత్రం ఆయనకి టీ ఇస్తూ సాసర్లో కొంచెం ఒంపి, ఒక అంచు నుంచి ఉఫ్ అని ఊదింది. టీ అంతా అవతలి అంచుకి చేరి పైకెక్కింది. "చూశారా, నాలుగు రోజుల నుంచి గాలి అఖాతం నోట్లోంచి లోపలికే కొడుతోంది. మన అఖాతం గరాటు లాంటిది. లోపలికి పోనుపోను ఇరుకు. నెట్టిన నీళ్ళన్నీ మన దగ్గరే పోగుపడుతున్నాయి." అంతటితో ఆగలేదు. ఎక్కడో సముద్రం మీద వాయుగుండం ఉందని రేడియోలో చెబుతున్నారు, గాలి బరువు తగ్గితే కింద నీళ్ళు లేస్తాయి, మీద కూర్చున్నవాడు లేస్తే పరుపు పొంగినట్టు. పైన వానలకి ఏరు నిండుగా వచ్చి వంతెన దగ్గర అఖాతంలో పడుతోంది, బయటికి పోదామంటే గాలి పోనివ్వట్లేదు. ఇన్ని కారణాలు ఒక్కసారి కలిసొస్తే చంద్రుడొక్కణ్ణే నమ్ముకున్న పట్టిక ఏం చేస్తుంది?

"టీ వేరు, సముద్రం వేరు," అన్నారు ఆయన.

"వేరే. టీకి పట్టిక లేదు."

ఆయన గోడవైపు తిరుగుదామనుకున్నారు గానీ నడుము ఒప్పుకోలేదు.

అంతవరకూ ఇది మొగుడూ పెళ్ళాల మధ్య సరదా పోట్లాటే. ఆరో రోజు సాయంత్రం ఆవిడ తమ్ముడు వచ్చేదాకా.

తమ్ముడు ఓడల్నీ పడవల్నీ లాగే టగ్గు మీద సరంగు. కిందటి నెలదాకా ఇంకో సరంగు చేతికింద పనిచేసి, ఇప్పుడే సొంతంగా చుక్కాని పట్టాడు. బావ కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుని, రోగిని పలకరించడం ఒక వాక్యంలో ముగించి, అసలు సంగతికొచ్చాడు. వంతెనకి అవతల కొత్త జెట్టీ కడుతున్నారు. దానికి కావలసిన క్రేన్‌ని పంటు అనే బల్లకట్టు పడవ మీద నిలబెట్టి, ఆ పంటుని రేపు ఇతను టగ్గుతో లాక్కుపోవాలి. క్రేన్ స్తంభం మడిచేది కాదు. పన్నెండు గంటలకి ఆటు పూర్తిగా దిగి, నీళ్ళు తొంభై దగ్గర ఉన్నప్పుడు దూరితే, స్తంభం కొనకీ వంతెన దూలానికీ మధ్య నలభై సెంటీమీటర్ల సందు ఉంటుంది. పగటిపూట మళ్ళీ ఇంత తక్కువ నీళ్ళు రెండు వారాల దాకా రావు.

"ఈ వారం నీళ్ళు పట్టిక మీదే నడుస్తున్నాయా, బావా? పట్టిక నా దగ్గరా ఉంది. నీ పుస్తకం ఏమంటోంది?"

ఆవిడ గుమ్మంలో టీ కప్పులతో నిలబడి ఉంది.

"పట్టిక మీదే," అన్నారు ఆయన. "అయిదారు అటూ ఇటూ."

"ఇంకేం. వంతెన స్తంభం మీద గుర్తులు నాచుపట్టి ఏడ్చాయి, ఎవడికీ కనపడవు. రేవులో ఎవరిని అడిగినా గాలి, వాన, మా తాత అంటారు. నీ అంకె అంకె."

ఆవిడ టీ అందిస్తూ, గాలి ఎక్కువగా ఉంది చూసుకోరా అంది. గాలికి వంతెన ఎగిరిపోదులే అక్కా అన్నాడు తమ్ముడు. ఆ రోజు తేడా యాభై. ఆ మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మంచాన పడ్డ మనిషిని తన తమ్ముడి ముందు అబద్ధాలకోరుని చేయడం ఎలాగని ఆలోచిస్తూండగానే తమ్ముడు టీ తాగేసి, కప్పు కింద పెట్టి, చెప్పులేసుకున్నాడు.

అతను వెళ్ళాక ఆవిడ అడిగింది, అలా ఎందుకన్నారని. నోటికి అలా వచ్చిందన్నారు ఆయన. ఫోను చేసి చెప్పమంది. రేపు ఏడింటికి చూద్దాం, గాలి తిరిగితే నీళ్ళు అవే పోతాయన్నారు. పొద్దున్న ఏడింటికి నీళ్ళు పోలేదు. పదకొండుకి చూద్దామన్నారు.

పదకొండు అయ్యేదాకా ఆవిడ ఇంట్లో ఏ పనీ సగం దాటించలేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టడం మరిచిపోయింది. బట్టలు ఆరేసి, గాలికి అవి దండెం చుట్టూ తాళ్ళలా మెలికపడుతుంటే మళ్ళీ తీసేసింది. తమ్ముడికి రెండుసార్లు ఫోను చేసింది. టగ్గు ఎక్కేముందు ఫోను పెట్టెలో పడేస్తాడు. పదిన్నరకే చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరింది.

జెట్టీ చివర గాలికి నిలబడడమే కష్టంగా ఉంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని పది అలలు లెక్కపెట్టింది. నమ్మకం కుదరక ఇంకో పది. పట్టిక ప్రకారం నూట అయిదు ఉండాలి. నూట అరవై ఉంది.

తేడా యాభై అయిదు. నలభై సందులో యాభై అయిదు నీళ్ళు. అవతలి గట్టున టగ్గు పొగ వదులుతోంది. దాని వెనక పంటు మీద పసుప్పచ్చ క్రేన్, తల దించుకోవడం చేతకాని మనిషిలా నిటారుగా నిలబడి ఉంది.

రేవు అధికారి గది జెట్టీ మొదట్లోనే. ఆయన బల్ల మీద మూడు ఫోన్లు, గోడ మీద గాలి బరువు చూపే గుండ్రటి పరికరం ఉన్నాయి. రోజూ పొద్దున్నే దాని అద్దాన్ని వేలితో టకటకా కొట్టడం ఆయన అలవాటు. అది ఏం చెప్పిందో చూసే అలవాటు మాత్రం లేదు. ఆవిడ వచ్చింది చూసి, సెంటీమీటరు గారికి ఎలా ఉందమ్మా అన్నాడు. ఆవిడ నిలబడే చెప్పింది, టగ్గుని ఆపాలని, నీళ్ళు పట్టిక కంటే యాభై అయిదు ఎక్కువున్నాయని.

అధికారి నవ్వలేదు. మర్యాదస్తుడు. పొద్దున్న ఏడింటికి మీవారు ఫోనులో చెప్పిన అంకె పట్టిక కంటే ఆరే ఎక్కువుంది, వారం అంతా అలాగే ఉంది అని తన ముందున్న కాగితం చూపించాడు.

"వారం నుంచీ కొలబద్ద చూస్తున్నది నేను, సార్. ఆయన మంచం దిగలేదు."

"అంటే ఈ అంకెలు మీవా?"

"చదివింది నేను. రాసింది ఆయన. మధ్యలో నీళ్ళు తగ్గాయి."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది అర్థం చేసుకోవడానికి ఆయనకి కొంత సమయం కావాలి, ఆ సమయం ఎవరి దగ్గరా లేదు. వంతెన మీద పోలీసులు బళ్ళని ఆపేశారు. ఒక ఫోను మోగుతోంది. రెండొందల అడుగులు నడిచి మీరే చూడండి సార్ అంది ఆవిడ. తను చూసి ఏం చెప్పగలనన్నాడు ఆయన. అలలు లేస్తుంటాయి పడుతుంటాయి, అది చదవడానికే కదా ఒక మనిషిని పెట్టుకున్నాం, ఆ మనిషినే అడుగుదాం. ఫోను తీసి ఇంటికి చేశాడు.

ఇవతలి వైపు మాటలే ఆవిడకి వినిపించాయి. "మేడమ్ ఇక్కడున్నారండీ... యాభై అయిదట... ఆహా... ఆహా... అదా సంగతి... సరే, మీరు పడుకోండి." ఆ ఆహాల మధ్య ఆవిడ పరికరం మీద ముల్లుని చూస్తూ నిలబడింది. కిందికి ఎంత వాలాలో అంత వాలి ఉంది.

అధికారి ఫోను పెట్టేసి, చాలా నొచ్చుకుంటూ చెప్పాడు. "మీరు అల చూసి చదివారట, అమ్మా."

 ఆవిడకి అనడానికి ఉన్నవన్నీ ఆ గదిలో అనవలసినవి కావు. గొడుగు తీసుకుని బయటికి నడిచింది.

జెట్టీ నుంచి వంతెనకి గట్టు మీద ముప్పావు మైలు. టగ్గు అప్పటికే తాడు విప్పుకుంది. గాలి ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నెడుతోంది. అదే గాలి పక్కన నీళ్ళనీ నెడుతోంది, టగ్గునీ నెడుతోంది. అందరం ఒకే వైపు పోతున్నామనుకుంది. గట్టు గోడలో ఊరి తూములు ఒక్కొక్కటే కనిపించాలి. ఒక్కటీ కనిపించడం లేదు, అన్నీ నీళ్ళ కిందే ఉన్నాయి. గొడుగు తిరగబడింది. దాన్ని సరిచేయడానికి ఆగకుండా చంకలో ఇరికించుకుని పరుగులాంటి నడక నడిచింది. చివరిసారి పరిగెత్తింది ఎప్పుడో గుర్తు చేసుకోబోతే ఆయాసం గుర్తుకొచ్చింది.

వంతెన మొదట్లో అడ్డంగా కట్టిన తాడు దగ్గర పోలీసు ఆపాడు. క్రేన్ వెళ్ళేదాకా ఎవరినీ పైకి పంపనన్నాడు. ఆ క్రేన్ వెళ్ళదు నాయనా అని ఆవిడ చెబితే, వెళ్తుందమ్మా పన్నెండుకి అని ఓదార్చాడు. ఆవిడ పక్కకి దిగి గట్టు చివర రాళ్ళ మీద నిలబడింది.

టగ్గు దగ్గరికొస్తోంది. చుక్కాని గది అద్దం వెనక తమ్ముడు కనిపిస్తున్నాడు. వెనక పంటు మీద ఇద్దరు కుర్రాళ్ళు క్రేన్ మొదట్లో తాళ్ళు పట్టుకుని ఉన్నారు, దూలం తగిలిందంటే స్తంభం వచ్చి పడేది సరిగ్గా వాళ్ళ మీదే. ఆవిడ రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపింది. తమ్ముడు చూశాడు. అక్క తన మొదటి పెద్ద పని చూడడానికి ఇంత గాలిలో ఇంత దూరం వచ్చిందనుకుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఉత్సాహంగా ఊపాడు. ఆవిడ గొడుగు పట్టుకుని వద్దు వద్దని ఊపింది. అతను కూత కూడా వేశాడు, ఆమె సరదా కోసం.

ఆవిడ గొడుగు దించింది. నిన్న టీ కప్పు అందిస్తూ ఒక్క అంకె చెప్పి ఉంటే. రెండక్షరాల మాట.

అప్పుడు వెనక నుంచి రేవు సైరన్ మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ తిరిగి చూసింది. ఆఫీసు కొయ్య మీదికి ఎర్రజెండా కుదుపుల్తో ఎక్కుతోంది. గాలికి బిగుసుకుని రేకులా నిలబడింది.

టగ్గు ఆగడమంటే బండి ఆగడం కాదు. వెనక గాలి, వెనక పంటు, రెండూ నెడుతూనే ఉంటాయి. తమ్ముడు టగ్గుని ఒక్కసారిగా పక్కకి తిప్పాడు. తాడు వదులై, నీళ్ళలో మునిగి, మళ్ళీ బిగిసి లేచింది. పంటు ఒక మూల మీద గుండ్రంగా తిరిగింది. క్రేన్ కొన ఆకాశంలో పెద్ద సున్నా గీసినట్టు గీసి, వంతెనకి ఇంకా కొంత దూరం ఉండగానే గాలికి ఎదురు తిరిగింది. పంటు మీద కుర్రాళ్ళు చతికిలబడ్డారు. గట్టు మీద ఆవిడా చతికిలబడింది. పోలీసు వచ్చి, మీరు చెప్పిందే నిజమైందే అన్నాడు, జోస్యం చెప్పేవాళ్ళ కేసి చూసినట్టు చూస్తూ.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. మంచం ఖాళీ. ఆయన వంటింట్లో ఉన్నారు. ఒక చేత్తో పొయ్యిగట్టు పట్టుకుని, ఒక చెయ్యి గోడకి ఆనించి, కేలండరు ముందు, ప్రశ్నగుర్తులా వంగి. వచ్చారు గానీ వెనక్కి పోలేకపోయారట. గంటన్నర నుంచి అలాగే ఉన్నారు.

ఆవిడ ఆయన్ని ముట్టుకోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఫోనులో అల అన్నారు."

"అన్నాను."

"మా వాడి నెత్తి మీద క్రేన్ పడేది."

"పడేది," అన్నారు ఆయన గోడతో. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ఫోను పెట్టేశాక పడుకోలేకపోయారట. పాల పాకెట్ల గడిలో ఆవిడ ఏదో రాస్తోందని తెలుసు, పాల లెక్కే అనుకున్నారు. ఇవాళ పాలు లెక్కపెట్టే మనిషి రేవు ఆఫీసు దాకా వెళ్ళిందంటే అది పాలు కాదనిపించింది. లేచి వచ్చి చూశారు. "అల చూసి చదివేవాళ్ళు ఒకసారి ఎక్కువ చదువుతారు, ఒకసారి తక్కువ చదువుతారు. నీవి పన్నెండు, ఇరవై, ఇరవై ఏడు... ఒక్కటీ వెనక్కి రాలేదు. అది నీ కన్ను కాదు. అది నీళ్ళే." వెంట తెచ్చుకున్న ఫోనుతోనే అధికారికి మళ్ళీ చేశారు. ఆవిడ చెప్పిందే రాసుకోండి, టగ్గుని ఆపండి అన్నారు. మరి పుస్తకంలో అంకెల మాటేమిటని అధికారి అడిగాడు. అవి నావి, నీళ్ళవి కావు అన్నారట. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, పన్నెండేళ్ళని చెప్పారట. సోమవారం పుస్తకాలన్నీ పట్టుకు రమ్మన్నాడు.

"సంజాయిషీ కూడా," అన్నారు ఆయన. "మూడు ప్రతులు."

ఆవిడ అప్పుడు వెళ్ళి ఆయన చంక కింద భుజం పెట్టింది. మంచం దాకా పదహారు అడుగులు పట్టింది. దారిలో ఆయన రెండుచోట్ల మూలిగారు.

తమ్ముడు రెండున్నరకి వచ్చాడు. బట్టలు తడిసి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. ఆగాక వంతెన మీంచి గుండు కట్టిన తాడు వదిలి కొలిపించాడట, సరిగ్గా పన్నెండుకి. స్తంభం దూరడానికి ఇంకా పదిహేను సెంటీమీటర్లు తక్కువైందట. ఆ మాట చాలా మామూలుగా చెప్పాడు. ఆ మామూలుతనానికే ఆవిడకి భయమేసింది. వీడు చిన్నప్పుడు కూడా ఏడ్చే ముందు ఇలాగే ఉండేవాడు.

"నిన్న నేను అడిగాను, బావా."

"అడిగావు."

"పట్టిక సంగతి కాదు, నీ సంగతి చెప్పమని అడిగాను. ఆ కుర్రాళ్ళలో ఒకడికి పోయిన నెలే కూతురు పుట్టింది."

 ఆయనకి అనడానికి ఏదైనా ఉంటే అదీ మూడు ప్రతుల్లోకే పోతుంది. తమ్ముడు అక్క వైపు తిరిగాడు.

"నువ్వూ ఇక్కడే నిలబడి ఉన్నావు. టీ పట్టుకుని."

ఉన్నాను అంది ఆవిడ. బావని చిన్నబుచ్చడం ఎందుకని ఊరుకున్నానని చెప్పబోయి, ఆ మాట నోట్లో ఎంత చిన్నగా ఉందో చూసుకుని మింగేసింది. గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది.  ఎవరూ వెళ్ళి వేయలేదు. స్నానాల గదిలో తూము ఒకసారి గుడగుడమంది.

తమ్ముడు చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పంటుకి లంగరు వేసి, కుర్రాళ్ళని కాపలా పెట్టి వచ్చాడట. గాలి ఇంకా పెరిగితే ఆ లంగరు పట్టదు. నీళ్ళు తగ్గేలోపు దాన్ని ఎక్కడికైనా చాటుకి లాగాలా, అక్కడే ఉంచాలా తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే తెలియాలి. అతనికి అడగడానికి ఇష్టం లేదని కనిపిస్తూనే ఉంది. రేవు మొత్తంలో అడగడానికి ఇంకో మనిషి లేడని కూడా కనిపిస్తోంది.

"నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయి?"

ఆయన చెయ్యి దిండు పక్కకి వెళ్ళింది. పట్టిక మీద ఆగింది. పేజీ తిప్పలేదు.

"తెలీదు," అన్నారు ఆయన. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట ఆవిడ వినడం అదే మొదలు. "గాలి తిరగాలి. ఏరు దిగాలి. ఎప్పుడన్నది కూర్చుని చెప్పలేం. గంట గంటకీ వెళ్ళి చూడాలి."

మూడుకి పది నిమిషాలుంది. ఆవిడ పెన్సిల్ కోసం వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, తమ్ముడు తనతో జెట్టీకి రావడానికి గుమ్మం దగ్గర తడి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటున్నాడు.